చౌడుపల్లంలో పుట్టమన్ను

హనుమంతరాయుడిని ఎవరేమన్నా పడతాడు. సోమరి అన్నా, చాదస్తుడన్నా, కాఫీలో చక్కెర మూడు చెంచాలు వేసుకుంటాడన్నా నవ్వి ఊరుకుంటాడు. ఆయన నేలని మాత్రం ఎవరూ ఏమీ అనకూడదు. పోనీ అదేమైనా మూడు కారు పండే మాగాణా అంటే, కాదు. పెనుకొండకి పైన, బోదగడ్డి తప్ప చెట్టన్నది సరిగా నిలవని గుట్టల నడుమ, గంగాళంలా లోతుగా ఉన్న పల్లంలో రెండెకరాల బంకనేల.

ఊళ్ళో దాన్ని చౌడుపల్లం అంటారు. నాలుగు దిక్కుల గుట్టల మీద కురిసిన వాన అందులోకే దిగుతుంది. దిగాక బయటికి పోయే దారి లేక అక్కడే ఎండకి ఇగిరిపోతుంది. నీళ్ళు పోతాయి సరే, రాళ్ళని కడుగుతూ అవి మోసుకొచ్చిన ఉప్పూ సోడా ఎక్కడికి పోతాయి? తరతరాలుగా ఆ బంకమట్టిలోనే కాపురం పెట్టాయి. ఎండాకాలంలో నేలంతా సున్నం చల్లినట్టు తెల్లగా పొంగుతుంది. తడిస్తే సబ్బులా జారుతుంది, ఆరితే గడ్డపారకి కూడా లొంగదు. అక్కడక్కడ గరుకు గడ్డి తప్ప ఏదీ మొలవదు. గొర్రెలకి మాత్రం ఆ తెల్లదనం ఇష్టం, వచ్చి నాకిపోతుంటాయి.

అలాంటి నేలని చూసుకొని ఆయనకెందుకంత గర్వమంటే, మిద్దెల వల్ల. మట్టిమిద్దెల కాలంలో దూలాల మీద దంతె కర్రలు పరిచి, వేపమండలు కప్పి, మట్టి వేసి, అన్నిటికీ పైన చౌడు పోసి తొక్కేవాళ్ళు. తొలి చినుకులకి ఆ చౌడు ఉబ్బి సందులన్నీ మూసేస్తుంది. ఇక వారం రోజులు ముసురు పట్టినా కింద పడుకున్నవాళ్ళ మీద చుక్క రాలదు. రోహిణి కార్తె రాగానే పది ఊళ్ళవాళ్ళు బండ్లు కట్టుకొని చౌడుపల్లానికి వచ్చేవాళ్ళు. హనుమంతరాయుడు చిటికెడు మన్ను నాలిక మీద వేసుకొని చప్పరించి, ఇక్కడ తవ్వుకోండప్పా అని చోటు చూపించేవాడు. మిద్దె ఎక్కి దగ్గరుండి తొక్కించేవాడు. ఆయన తొక్కించిన మిద్దె కారిందన్న మాట ఇంతవరకు ఎవరి నోటా రాలేదు. చౌడు రాయుడని పేరొచ్చింది అందుకే. స్లాబులు వచ్చాక బండ్లు రావడం మానేశాయి, పేరొక్కటే మిగిలింది.

ఆయన కోడలు ప్రమీలకీ ఊళ్ళో ఒక పేరుంది. హిందూపురం పక్కన పట్టుపురుగులు పెంచే ఇంటి నుంచి వచ్చిన పిల్ల. ఆమె ఏది నాటినా బతుకుతుందని అందరికీ గురి. ఆ ఊళ్ళో విత్తనం వేసే రోజు చెయ్యి మంచిదైన ఆడమనిషిని చేనికి పిలిచి మొదటి గింజ వేయిస్తారు. కాపురానికొచ్చిన రెండో ఏటి నుంచి ఆ పిలుపు ప్రమీలకే. ఎదురింటి నారాయణమ్మయితే, ప్రమీల వచ్చి గింజ వేస్తే తప్ప ట్రాక్టరుని చేలోకి దిగనిచ్చేది కాదు.

ఖాళీగా పడి ఉన్న ఆ రెండెకరాల్లో మల్బరీ వేసి, ఇంటి వెనక షెడ్డు కట్టి పురుగులు పెంచాలని ప్రమీల ఆశ. ఆమె మొగుడు నాగేంద్ర తెల్లవారుజామున బస్సెక్కి హిందూపురంలో కంపెనీ పనికి పోయి సాయంత్రానికి తిరిగొస్తాడు. నీకు ధైర్యముంటే నాకేం అభ్యంతరం అన్నాడు. ఆమెకి ధైర్యముంది. పుట్టింటివాళ్ళిచ్చిన పన్నెండు గొర్రెలనీ అమ్మేసి డ్రిప్పు పైపులకీ మొక్కలకీ సిద్ధం చేసుకుంది.

రైతు సేవా కేంద్రానికి కొత్తగా వచ్చిన శ్రీదేవి ముందు మట్టి పరీక్ష చేయించమంది. ఇది చూడబోతే చౌడులా ఉంది, ఎంత చౌడో తేలితే దాన్ని విరిచే జిప్సం ఎంత వెయ్యాలో తెలుస్తుంది, అది తేలకుండా మాత్రం మొక్క పెట్టొద్దు అని నొక్కి చెప్పింది. చేలో పది చోట్ల జానెడు లోతు గుంట తీసి, గోడ నుంచి పలచగా మట్టి గీకి, అంతా గుడ్డ మీద కలిపి, అందులో అరకిలో సంచిలో వేసి ఇవ్వాలి. ఆ వారంలోనే ప్రమీల అక్క ప్రసవించింది. మట్టి తీసే పని మామకి అప్పజెప్పి ప్రమీల హిందూపురం పోయింది.

హనుమంతరాయుడు పొద్దున్నే పార తీసుకొని పల్లంలోకి దిగాడు. మొదటి గుంట తీశాడు. పైన తెల్లటి పెచ్చు, కింద బూడిదరంగు జిగట. ఆయన ఎన్నోసార్లు చూసిన మన్నే. కానీ దీన్ని ఎవరో చదువుకున్నవాళ్ళు గాజు గొట్టాల్లో పోసి, పనికిరానిదని భూసార కార్డు మీద రాసి, ఆయన పేరు కింద ముద్ర వేస్తారన్న ఆలోచన రాగానే చెయ్యి ఆడలేదు. పెళ్ళిచూపులకి పిల్లని మొహం కూడా కడగకుండా కూర్చోబెడుతున్నట్టనిపించింది.

పల్లానికి పైఅంచున, ఎర్రనేల మొదలయ్యే చోట ఒక పుట్ట ఉంది. అది కూడా ఆయన సర్వే నంబరులోదే. ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా పాలికల్లో పోయడానికి ఆ పుట్టమన్నే తీసుకుపోతారు. శుభానికి పుట్టమన్ను వాడతాం, ఇదీ శుభమే కదా, మన్ను కూడా తన నేలలోదే కదా అని ఆయన తనకి తానే నచ్చజెప్పుకున్నాడు. ఇలా నచ్చజెప్పుకోవడంలో మనవాడు దిట్ట. చెప్పులు విడిచి, దండం పెట్టుకొని, పుట్ట అంచు నుంచి మెత్తటి ఎర్రమన్ను అరకిలో తీసి సంచిలో వేశాడు. ఆ సంచి ధర్మవరంలోని ల్యాబుకి పోయింది.

నెలకి కార్డు వచ్చింది. పీహెచ్ ఏడు పాయింట్ రెండు. అన్ని పంటలకీ అనువైన నేల, జిప్సం అవసరం లేదు. శ్రీదేవి కార్డుని రెండుసార్లు తిప్పి చూసింది. మరి పైన ఆ తెలుపేమిటి పెద్దాయనా అని అడిగింది. అది ఎండాకాలం తెలుపులేమ్మా, నాలుగు వానలకి పోతుంది అన్నాడాయన. కొత్తపిల్ల, కార్డుని కాదనలేకపోయింది. హనుమంతరాయుడు ఆ కార్డుని చొక్కా జేబులో పెట్టుకొని పది రోజులపాటు టీకొట్టులో కనిపించిన ప్రతివాడికీ చూపించాడు.

శ్రావణంలో మొక్కలు నాటారు. ప్రమీల ప్రతి మొక్కనీ తన చేత్తోనే గుంటలో పెట్టి మట్టి అదిమింది. మూడోనాడే మంచి వాన పడింది. ఊరంతా ఆమె అదృష్టాన్ని మెచ్చుకుంది. ఆ వాననీళ్ళు పల్లంలో నిలిచిపోయాయి. టీ రంగు నీళ్ళు, పన్నెండు రోజులు. కిందికి ఇంకలేదు, తేరుకోలేదు. చివరికి ఎండకి ఇగిరిపోయాక నేల పెంకులు పెంకులుగా పగిలి బిగుసుకుంది. మొక్కల ఆకులు ముందు పసుపు తిరిగాయి, ఆపైన అంచులు మాడాయి. డ్రిప్పు నీళ్ళు చాలడం లేదేమోనని ప్రమీల బిందెలతో మోసి పోసింది. పోసిన నీళ్ళు మొక్క మొదట్లోనే నిలబడి చూస్తుండేవి తప్ప వేరు దగ్గరికి పోయేవి కావు. ఒకనాడు ఎండిపోయిన మొక్కని పీకి చూసింది. వేరు బెత్తెడు దిగి, బండ తగిలినట్టు పక్కకి తిరిగిపోయింది.

ఆ మన్ను నీళ్ళని కిందికి దిగనివ్వదని ఊళ్ళో అందరికంటే బాగా తెలిసినవాడు హనుమంతరాయుడు. జీవితమంతా దాన్ని మెచ్చుకున్నదే ఆ గుణానికి. మిద్దె మీద ఏది వరమో మొక్క కింద అదే శాపమని ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా రేపు కుదుటపడుతుందిలే, నాలుగు పోయినా మిగతావి నిలబడతాయిలే అని రోజులు నెట్టాడు. కోడలు బిందె ఎత్తుకొని పోతుంటే పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఆశ్వయుజం వచ్చేసరికి రెండెకరాల్లో పచ్చటి ఆకు ఒక్కటి లేదు.

నేలని ఎవరూ అనుమానించలేదు, దానికి కార్డుంది కదా. డ్రిప్పూ మంచిదే, మొక్కలూ మంచి నర్సరీవే. మిగిలింది నాటిన చెయ్యి. ఆ మాట మొదట ఎవరన్నారో తెలియదు గానీ, కుళాయి దగ్గర పుట్టి ఊరంతా తిరిగింది. ప్రమీల చెవికీ చేరింది. అందరికంటే ముందు దాన్ని నమ్మింది ఆమే.

ఉలవలు వేసే రోజు వచ్చింది. నారాయణమ్మ పిలుస్తుందని ప్రమీల తలస్నానం చేసి, మంచి చీర కట్టుకొని వాకిట్లో కూర్చుంది. ట్రాక్టరు ఆ ఇంటి ముందు నుంచే పోయింది. నారాయణమ్మ పక్కన ఇంకో వీధి పుల్లమ్మ కూర్చుని ఉంది. నారాయణమ్మ తల అటు తిప్పుకుంది. ప్రమీల కాసేపు అలాగే కూర్చుని, లోపలికి పోయి పాత చీర కట్టుకొని అంట్లు తోమడానికి వచ్చింది. హనుమంతరాయుడు అరుగు మీద నుంచి అంతా చూశాడు.

సాయంత్రం దొడ్లో మల్లెతీగకి నీళ్ళు పోసే వేళ ప్రమీల చెంబు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"నువ్వు పొయ్యి మామా. నేను ముట్టుకుంటే ఇది గూడా పోతుందేమో."

కళ్ళనీళ్ళు పెట్టుకొని అన్న మాట కాదది. ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అంది. అందుకే ఆయన తట్టుకోలేకపోయాడు.

"తప్పు నీ చేతిది కాదు పాపా," అన్నాడు. "ఆ పొద్దు ల్యాబుకి పంపింది పల్లంలో మన్ను కాదు. పుట్టమన్ను."

ప్రమీల గడప దగ్గరే ఆగింది. "ఎందుకట్ల చేసినావు?"

"నా నేల చెడ్డదని రాస్తారని."

"మొక్కలు పోతాంటే చూస్తాండావు. నేను బిందెలు మోస్తాంటే చూస్తాండావు. మూణ్ణెల్లు మామా."

ఆమె లోపలికి పోయింది.

విషయం తెలిసి నాగేంద్ర రెండు రోజులు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఆ అరుపులు పడటం ఆయనకి తేలికే. ప్రమీల ఒక్క మాటా అనలేదు. వేళకి కంచం పెట్టేది, కాఫీలో మూడు చెంచాల చక్కెరా వేసేది. మారు వడ్డించుకోమని మాత్రం అడగడం మానేసింది. ఆ ఇంట్లో ఆయనకి అంతకు మించిన శిక్ష లేదు.

మూడో రోజు హనుమంతరాయుడు చొక్కా తొడుక్కొని మొదట నారాయణమ్మ ఇంటికి పోయాడు. తర్వాత పుల్లమ్మ ఇంటికి, కుళాయి దగ్గరికి, టీకొట్టుకి. కార్డు చూపించిన ప్రతిచోటా నిలబడి, ఆ కార్డు పుట్టమన్నుదనీ, చౌడులో మొక్క పెట్టించింది తన అబద్ధమనీ, కోడలి చేతికి ఏ దోషమూ లేదనీ చెప్పాడు. కొందరు చీవాట్లు పెట్టారు. ఎక్కువమంది నవ్వారు. టీకొట్టు ఈరన్న, ఇంక నిన్ను పుట్ట రాయుడనాలప్పా అన్నాడు. సాయంత్రానికి ఆ పేరు ఊరంతా పాకింది. మనిషి ఒకప్పుడైతే నెలరోజులు గడప దాటేవాడు కాదు. ఇప్పుడు తల వంచుకొని మిగిలిన ఇళ్ళకి కూడా పోయి చెప్పాడు.

మర్నాడు పల్లంలో పది గుంటలు తీశాడు. ఎక్కువ తెల్లగా ఉన్న చోటు కూడా వదల్లేదు. అరకిలో మన్ను సంచిలో వేసి, ఇంకో పొట్లంలో పుట్టమన్ను కట్టుకొని, తానే బస్సెక్కి ధర్మవరం పోయాడు. ల్యాబులో దేవసహాయం అనే ఆయన ఓపికగా అంతా విన్నాడు. తిట్టలేదు. రెండు గాజు గొట్టాలు తీసుకొని, నీళ్ళు పోసి, ఒకదానిలో పుట్టమన్ను, ఇంకోదానిలో చౌడు వేసి ఊపి బల్ల మీద నిలబెట్టాడు. భోంచేసి రమ్మన్నాడు.

తిరిగొచ్చేసరికి పుట్టమన్ను అడుగుకి దిగి పైన నీళ్ళు తేటగా ఉన్నాయి. చౌడు గొట్టంలో టీ రంగు అలాగే ఉంది. అందులో నలకలు ఒకదాన్నొకటి పట్టుకోవని, సోడా వాటిని విడదీసి పెడుతుందని, ఆ సన్నటి బురదే నేలలో సందులన్నీ పూడ్చేస్తుందని దేవసహాయం చెప్పాడు. పీహెచ్ తొమ్మిది పాయింట్ ఆరు అన్నాడు. తర్వాత ఆ గొట్టంలో చెంచాడు జిప్సం వేసి ఊపి పక్కన పెట్టాడు. హనుమంతరాయుడు స్టూలు మీద కూర్చుని దాన్నే చూశాడు. కొంతసేపటికి బురద చిన్న చిన్న ముద్దలై దిగడం మొదలుపెట్టింది. ఇంకొంతసేపటికి గొట్టం అవతల ఉన్న కిటికీ కనిపించింది. అరవై ఏళ్ళలో తన మన్ను కలిసిన నీళ్ళు తేరుకోవడం ఆయన చూడటం అదే మొదలు. సంతోషమూ సిగ్గూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"బాగవుతాదా సార్?"

"అయితాది. ఒక్క ఏడుతో కాదు. జిప్సం వెయ్యాల, వాననీళ్ళు దిగాల, దిగిన నీళ్ళు బయటికి పోవాల. పోయే దారి నువ్వే తియ్యాల."

ఈసారి వచ్చిన కార్డులో నేల గురించి ఒక్క మంచి మాట లేదు. ఆయన దాన్ని తెచ్చి ప్రమీల చేతిలో పెట్టాడు. ఆమె అంతా చదివి బీరువాలో దాచింది.

ఎండాకాలమంతా పని నడిచింది. పల్లానికి తూర్పున గుట్టలు కొంచెం విడిపడిన చోట కాలువ తవ్వించారు. శ్రీదేవి దగ్గరుండి లెక్కప్రకారం జిప్సం ఇప్పించింది. మామా కోడళ్ళు గంపలతో మోసి చల్లారు, దున్నించారు. పని విషయంలో ప్రమీల మాట్లాడేది, అంతవరకే. జ్యేష్ఠంలో కురిసిన రెండు వానలకి పల్లంలో నీళ్ళు నిలిచాయి గానీ నాలుగో రోజుకే కాలువలో సన్నగా పారి పోయాయి. ఇక జీలుగ వేసి, పూతకి రాగానే దున్ని మట్టిలో కలపాలి. మల్బరీ మాట ఆపైన.

ఈలోగా నారాయణమ్మ వేరుశనగ విత్తడానికి ప్రమీలని పిలవడానికి వచ్చింది. పోయిన ఏటి పని మనసులో పెట్టుకోవద్దని చెయ్యి కూడా పట్టుకుంది. ప్రమీల ఆమెకి కాఫీ ఇచ్చి, నవ్వుతూనే మాట్లాడి, ఈసారికి ఇంకెవరినైనా పిలుచుకోమని పంపేసింది.

జీలుగ వేసే రోజు పొద్దున్నే ఇద్దరూ పల్లానికి పోయారు. విత్తనాల గంప ప్రమీల చంకలోనే ఉంది. మొదటి గింజ ఆమే వేస్తుందని హనుమంతరాయుడు పక్కకి తప్పుకున్నాడు. ఆమె గంప తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఊరంతా చెప్పినావు మామా. ఊరు నమ్మింది. ఈ చెయ్యే ఇంకా నమ్మలేదు," అంది. "నువ్వే వెయ్యి. మొలవకపోతే ఆ మాట నీ చేతికి రానీ."

ఎన్నో మిద్దెలెక్కిన మనిషి చెప్పులు విడిచి, ఆ గింజలు గుప్పిట్లోకి తీసుకున్నాడు. రెండెకరాలూ ఆయనే చల్లాడు. ప్రమీల వెనక పలక తోలించి మట్టి కప్పించింది.

ఆ రోజు నుంచి ఆయన మనసు మనసులో లేదు. పొద్దునా సాయంత్రమూ పల్లానికి పోయి వచ్చేవాడు. మట్టి పైకి నల్లగా, ఏమీ ఎరగనట్టు ఉండేది. రెండో రోజు జల్లు పడితే పెచ్చు కట్టిందేమోనని భయపడ్డాడు. మూడో రోజు గింజ కుళ్ళిందేమోనని. టీకొట్టులో ఎవరో మామూలుగా మొలిచిందా అని అడిగితే, వేళాకోళమే అనిపించి టీ సగంలో వదిలేసి వచ్చాడు. రాత్రుళ్ళు తన అరచెయ్యి చూసుకునేవాడు. జిప్సం, కాలువ, కార్డు అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఇక మొలవకపోతే తప్పు ఎవరిదవుతుందో ఆయనకి తెలుసు.

అయిదో రోజు తెల్లవారుతుండగా ఆయన పల్లం మధ్యలో గొంతుక్కూర్చుని ఉంటే ప్రమీల వచ్చింది.

"నిద్ర పట్టలేదా మామా?"

"పట్టలేదు పాపా. ఇది మొలవకపోతే ఎట్లని."

"నాకు మూణ్ణెల్లు అట్లనే ఉన్నింది."

ఆమె గొంతులో కోపం లేదు. అయిదు రోజులకే తన బతుకు ఇలా అయిపోతే, తను పేపరు అడ్డం పెట్టుకున్న మూడు నెలలూ ఈ పిల్ల ఎలా గడిపిందో ఆయనకి అప్పుడు తెలిసింది. ఊళ్ళో గడప గడపకీ పోయి జరిగింది చెప్పాడే గానీ, చెప్పాల్సిన మనిషికి చెప్పాల్సిన మాట ఇంతవరకు చెప్పనే లేదు.

"తప్పయిపోయింది పాపా," అన్నాడు. "నిన్ను శానా కష్టపెట్టినా."

ప్రమీల ఆయన పక్కనే కూర్చుంది. కాసేపు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని నేల వైపే చూసింది. తర్వాత కుడిచెయ్యి చాచి, చూపుడువేలితో మట్టిని కొంచెం కొంచెంగా పక్కకి జరిపింది. గింజ పగిలి, తెల్లటి మొలక మెడ వంచుకొని పైకి వస్తోంది.

"ఉండాది మామా," అంది.

జరిపిన మట్టిని మళ్ళీ దాని మీద కప్పి, అదే వేలితో మెల్లగా అదిమింది.